పదహారు అంగుళాల మెట్టు

వీధివీధంతా ఆమెను టేపమ్మ అనే పిలుస్తుంది. అసలు పేరు ఒకటుంది, కరెంటు బిల్లు మీద ఇప్పటికీ అచ్చవుతోంది. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె పలకదు, పక్కింటావిడ కోసం వచ్చారేమో అనుకుంటుంది. నలభై ఎనిమిదేళ్ళుగా మెడలో పసుపుపచ్చ కొలతల టేపు వేలాడుతూనే ఉంది. స్నానానికి తప్ప తియ్యదు. నిద్రలో కూడా ఉంచుకుంటుందని కూతురు చెబుతుంది గానీ, తల్లుల గురించి కూతుళ్ళు చెప్పేదాంట్లో కొంత తరుగు తీసి నమ్మాలి.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన కాలుమిషను, దానికి ఎదురుగా కత్తిరించే బల్ల, బల్ల కింద పీలికల మూట, గోడకి మేకు, మేకుకి తాడుతో కట్టిన కొలతల పుస్తకాలు. ఆ పుస్తకాల్లో ఊళ్ళో సగంమంది నడుములూ భుజాలూ మెడలూ ఉన్నాయి. ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కారో, ఎవరి ఎడమ భుజం కుడి భుజం కన్నా అరంగుళం కిందికి ఉంటుందో ఆమెకు తెలిసినంతగా వాళ్ళ డాక్టర్లకి కూడా తెలియదు. అయినా ఒకరి కొలత ఇంకొకరి చెవిన పడదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఎవరి పొట్టనైనా చూసి కిసుక్కున నవ్వితే మాత్రం ఆమెకు ఒళ్ళు మండుతుంది. "మనిషిలో వంకర ఉండదే. గుడ్డలో ఉంటుంది. గుడ్డని సరిచెయ్యి" అంటుంది. ఆ రోజంతా నవ్విన పిల్లకి కుట్లు విప్పే పని.

డెబ్బై ఒకటో ఏట ఆమెకు రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. ఒకటి మోకాలు, రెండోది కన్ను. మోకాలి సంగతి పెద్దగా పట్టించుకోలేదు. మిషను తొక్కేది పాదంతో కదా, మోకాలు పక్కన కూర్చుని చూస్తే సరిపోతుందని వాదించింది. కన్ను అలా కాదు. షుగరు పుణ్యమా అని ఎడమకన్ను ఎప్పుడో మసకబారింది, ఇప్పుడు కుడికన్ను వంతు. దానికి మూడుసార్లు లేజరు పెట్టాలన్నాడు కంటి డాక్టరు. మూడూ వేళకి అయితే ఉన్న చూపు నిలబడుతుంది, లేకపోతే తాను చెయ్యగలిగింది ఏమీ ఉండదని మొహమాటం లేకుండా చెప్పాడు. కన్ను లేని దర్జీ ఏం చేస్తుందో టేపమ్మ ఊహించుకోవడానికి కూడా ఇష్టపడలేదు. ఆమెకు భయమేసింది, ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

పూర్వం కంటి ఆసుపత్రి మార్కెట్టు వెనకే ఉండేది. చోటు చాలడం లేదని ఊరి చివర, పెద్దరోడ్డు అవతల కొత్త భవనంలోకి మార్చారు. భవనం చూడముచ్చటగా ఉంది. ముసలివాళ్ళు వస్తారని ఎక్కడా మెట్టన్నదే లేకుండా కట్టారు. అంతా నున్నటి వాలు, పట్టుకోవడానికి కమ్మీలు, తలుపు దగ్గర వరసగా చక్రాల కుర్చీలు. గుమ్మం దాకా చేరుకున్నవాళ్ళకి అక్కడ ఏ లోటూ లేదు. చేరుకోవడం ఎలాగన్నది మాత్రం కట్టినవాళ్ళు చేరేవాళ్ళకే వదిలేశారు.

మొదటి లేజరుకి కూతురు సెలవు పెట్టి తీసుకెళ్ళింది. కూతురిది బేకరీలో తెల్లవారుజాము పని, ఆ ఏడాదికి ఉన్న సెలవుల్లో అదే ఆఖరిది. స్కూటరు ఉంది గానీ, దానిమీదికి కాలెత్తడం టేపమ్మ వల్ల కాదు. "రెండోసారి నేనే వెళ్తాలే, నాకేమైనా దారి తెలీదా" అని తల్లి కొండంత ధీమాగా అంది.

దారి తెలుసు. బస్సే తెలీదు. బస్సు వచ్చింది, ఫుట్‌పాత్‌కి బారెడు దూరంలో, రోడ్డు మధ్యలో ఆగింది. అందరితోపాటు ఆమె కూడా రోడ్డు మీదికి దిగి కమ్మీ పట్టుకుంది. కాలెత్తింది. కాలు సగం దాకా లేచి, ఇక నావల్ల కాదని అక్కడే ఆగిపోయింది. వెనకనుంచి తోపులాట, పైనుంచి కండక్టరు "త్వరగా కానీ పెద్దమ్మా" అనే కేక. ఆమె సిగ్గుపడి పక్కకి తప్పుకుంది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో రెండు బస్సుల దగ్గర కూడా అదే తంతు.

మళ్ళీ తారీకు ఇస్తే ఆ రోజున టాక్సీని పిలిచింది. టాక్సీ వచ్చేసిందని ఫోను చెప్పింది, వచ్చింది మాత్రం రోడ్డుకి అవతలివైపు. ఈమె కర్ర పోటేసుకుని ఇవతలి నుంచి అవతలికి దాటేలోపు అతగాడు విసుగొచ్చి వెళ్ళిపోయాడు. ఆటోవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు బేరం దొరకదని మొహం తిప్పుకున్నారు. ముసలివాళ్ళ కోసం ఆసుపత్రివాళ్ళదే ఒక వ్యాను ఉందట, పొద్దున్నే ఫోను చేస్తే వస్తుందట. ఫోను చేసింది. గంటసేపు పాట విని పెట్టేసింది.

"వెళ్ళొచ్చావా?" అని కూతురు రెండుసార్లూ అడిగింది. "ఆఁ, వెళ్ళాను" అని తల్లి రెండుసార్లూ చెప్పింది. అబద్ధం కాదు. వెళ్ళింది, రోడ్డు దాకా.

మూడోసారి ఆసుపత్రి నుంచే ఫోను వచ్చింది. మళ్ళీ రెండు వారాలకి గురువారం, పదకొండు గంటలకి. ఈసారి కూడా రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ వరసలోకి ఎక్కడానికి నాలుగు నెలలు పడుతుంది. ఫోను పెట్టేశాక టేపమ్మ సూదిలోకి దారం ఎక్కించడానికి కూర్చుంది. అయిదుసార్లు దారం సూది పక్కనుంచే పోయింది. ఆరోసారి ప్రయత్నించకుండా సూదిని దిండుకి గుచ్చి లేచింది. నాలుగు నెలలు ఆగే కన్ను కాదని ఆమెకు తెలుసు.

ఇలాంటప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు బంధువుల్ని తిట్టుకుంటారు. టేపమ్మ టేపు తీసింది. మర్నాడు బస్‌స్టాపుకి వెళ్ళి, బస్సు ఆగగానే రోడ్డు మీద చతికిలబడి మెట్టు ఎత్తు కొలిచింది. పదహారు అంగుళాలు. "ఏంటిది పెద్దమ్మా, బస్సుకి చొక్కా కుడతావా?" అని కండక్టరు నవ్వాడు. "కుడతాను గానీ, వెనక్కి తిరిగి నిలబడమను" అంది ఆమె. స్టాపులో ఉన్న ముసలివాళ్ళంతా పగలబడి నవ్వారు. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని, కాలు ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తి, సుద్దముక్కతో గీత గీసింది. నొప్పి లేకుండా ఎనిమిది అంగుళాలు. కొత్త పేజీ తీసి, పైన 'బస్సు 16' అనీ, కింద 'నేను 8' అనీ రాసుకుంది.

లెక్క తేలిగ్గానే ఉంది. మధ్యలో ఎనిమిది అంగుళాల పీట ఒకటి పడితే సగం ఇటు, సగం అటు. ఆమె మరిది వడ్రంగి, వెనకవీధిలోనే ఉంటాడు. పాత తలుపులతో బల్లలూ పీటలూ చేస్తాడు, నోటితో వదినగారిని ఆటపట్టిస్తాడు. రెండు పనులూ సమానమైన శ్రద్ధతో చేస్తాడు.

"ఎంత ఎత్తు కావాలొదినా?"

"పది అంగుళాలు" అంది టేపమ్మ.

ఎనిమిది కావలసినచోట పది ఎందుకందో ఆ క్షణంలో ఆమెకే తెలియలేదు. అది చేతి అలవాటు. ఏ కొలతకైనా రెండంగుళాలు కలిపి కత్తిరించడం, లోపల మడిచి వదలడం, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. నలభై ఎనిమిదేళ్ళలో ఏనాడూ ఉన్న కొలతకి ఉన్నంతే చెప్పలేదు. పీట వచ్చింది, నున్నగా, ముచ్చటగా, పది అంగుళాల ఎత్తున. ఎక్కబోతే కాలు ఎనిమిది దగ్గర ఆగింది.

"లూజు వదిలాను" అని ఒప్పుకుంది ఆమె.

"చెక్కకి లోపల మడత ఉండదొదినా" అని మరిది నవ్వుతూ రంపం తీశాడు. నాలుగు కాళ్ళూ కోశాడు. ఒకటి పొట్టిదయ్యి పీట ఊగింది. మిగిలిన మూడూ ఇంకాస్త కోశాడు. అప్పుడు రెండోది పొట్టిదయ్యింది. ఇలాగే పోతే చివరికి పలక మిగులుతుందని భయపడి, టేపమ్మ పాత చెప్పు అట్టని కత్తిరించి పొట్టికాలి కింద అతికించింది. పీట నిలబడింది, ఏడున్నర దగ్గర. తగ్గిన అరంగుళం మోకాలు ఓర్చుకుంటుందిలే అనుకుంది.

ఇంకో చిక్కు, అలవాటు కోసం చేసిన మొదటి ప్రయాణంలో బయటపడింది. ఆమె పీట ఎక్కింది, బస్సు ఎక్కింది, పీట రోడ్డు మీదే ఉండిపోయింది. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది. ఒక స్టాపు అవతల దిగి, కర్ర పోటేసుకుంటూ వెనక్కి నడిచొచ్చి తెచ్చుకుంది. ఆ సాయంత్రమే పీటకి ఒక రంధ్రం పెట్టించి, పైజామాకి ఎక్కించినట్టు దానికి పొడుగాటి నాడా ఎక్కించింది. మర్నాటినుంచి పైకెక్కి, నాడా లాగితే పీట బుద్ధిగా వెనకాలే వచ్చేది.

ఆ స్టాపులో రోజూ నిలబడేవాళ్ళలో డ్రిల్లు మాస్టారని ఒక పెద్దాయన ఉన్నాడు. బళ్ళో పిల్లల చేత నలభై ఏళ్ళు గెంతులు వేయించి, ఇప్పుడు తన మోకాళ్ళు గెంతనంటుంటే గుండె పరీక్షలకి వెళ్ళలేకపోతున్నాడు. ఆసుపత్రులన్నీ ఒకదాని వెనక ఒకటి ఊరి చివరికే పోయాయి మరి. ఆయన పీట చూసి, "ఏమమ్మా, నేనూ ఒకసారి ఎక్కొచ్చా?" అని అడిగాడు. ఆయన వెనక రక్తపరీక్షలకి వెళ్ళే దంపతులు, వాళ్ళ వెనక చెవులు వినపడని ఒకావిడ, ఆమె వెనక ఆమె చెల్లెలు. వారం తిరిగేసరికి పీట ఆరుగురిదయ్యింది. డ్రిల్లు మాస్టారికి పాత పౌరుషం లేచొచ్చింది. అందరినీ వరసలో నిలబెట్టి, "కుడికాలు పీట మీద, ఎడమకాలు బస్సులో, వెనక్కి చూడొద్దు" అని ఆజ్ఞలు ఇచ్చేవాడు. టేపమ్మకి పండగలా ఉంది. గురువారం ఇంక దిగుల్లేదనుకుంది.

అక్కడే తప్పులో కాలేసింది. పీట మీద ఒక మనిషి ఎక్కితే ఒక లెక్క, ఆరుగురు ఎక్కితే ఇంకో లెక్క. సోమవారం బస్సు స్టాపు దగ్గరికి వచ్చి, పీటనీ వరసనీ చూసి, ఆగీ ఆగనట్టుగా నెమ్మదించి వెళ్ళిపోయింది. మంగళవారం అసలు నెమ్మదించనే లేదు. ఇదివరకు ఎక్కలేకపోయేవాళ్ళు, ఇప్పుడు ఎక్కడానికి బస్సే లేదు. డ్రిల్లు మాస్టారు కర్ర ఊపుతూ వెనకనుంచి వినరాని మాటలన్నాడు. బళ్ళో నేర్పని మాటలవి.

బుధవారం మధ్యాహ్నం టేపమ్మ మార్కెట్టు వెనక బస్సులు తిరిగే చోటికి నడిచి వెళ్ళింది. ఆ దారిలో తిరిగే బస్సులు రెండే, అందులో ఒకదాని డ్రైవరుకి బారెడు మీసాలు. బస్సు నీడలో నిలబడి టీ తాగుతున్నాడు. తిట్టడానికే వెళ్ళింది ఆమె. దారిపొడుగునా మాటలు కూడా కూర్చుకుంది.

"నాయనా, మమ్మల్ని చూసి కూడా ఆపకుండా వెళ్ళిపోతావేం?"

మీసాల డ్రైవరు తలొంచుకున్నాడు. "ఏం చెయ్యను పెద్దమ్మా. ఒక్కొక్కరికి నిమిషం పడుతుంది. ఆరుగురికి ఆరు నిమిషాలు. చివరికి చేరేసరికి పావుగంట లేటు, నాకు మెమో. ఈ నెలలో రెండొచ్చాయి. మెట్టు ఎత్తు నేను పెట్టింది కాదు కదా."

 మాట్లాడుతూ అతను టీగ్లాసు నోటిదాకా ఎలా తీసుకెళుతున్నాడో ఆమె చూస్తోంది. చెయ్యి ఎత్తడం లేదు, మెడే గ్లాసు దగ్గరికి వంచుతున్నాడు.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు?"

"కంపెనీ ఇచ్చింది. అందరికీ ఒకటే కొలత."

"చెయ్యెత్తు."

ఎత్తాడు. సగం లేచేసరికి చంక దగ్గర గుడ్డ బిగుసుకుంది, చొక్కా అంచు నడుము పైకి వచ్చేసింది.

"స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పితే?"

"కుడి చంక కోసుకుపోతుంది" అన్నాడు మీసాల డ్రైవరు. "పుండయ్యింది కూడా. అందుకే ఎక్కువ తిప్పను, ఉన్నచోటే ఆపేస్తాను."

టేపమ్మకి కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. వెతికితే దొరకలేదు. "నీ చొక్కా నీకు పట్టదు, నీ బస్సు నాకు పట్టదు. ఇద్దరం ఒకే అంగట్లో సరుకులం" అంది. "విప్పు, చూస్తాను."

అతను సిగ్గుపడుతూ బనీనుతో బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి బ్లేడు తీసి కుడిచేతి కుట్టు విప్పింది. లోపల, ఎవరో తెలియని దర్జీ ముప్పావు అంగుళం గుడ్డ మడిచి వదిలిపెట్టాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరూ పేరూ తెలియని దర్జీని వెయ్యేళ్ళు బతకమని దీవించింది. ఇక దారం ఎక్కించాలి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పక్కనుంచి పోయింది. 

డ్రైవరు చూశాడు. సూదీ దారమూ తీసుకుని ఎక్కించి ఇచ్చాడు.

"కన్ను ఏమైంది పెద్దమ్మా?"

చెప్పింది. కూతురికి చెప్పనిది కూడా చెప్పింది. కుడుతూ చెప్పింది కాబట్టి ఏడుపు రాలేదు, కుట్టు మీద చెయ్యి ఆగకుండా నడుస్తుంటే ఆమెకు ఏ మాటైనా తేలిక. చూపుతో పనిలేకుండా వేలి కొసలతోనే దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోయింది. ఆ చెయ్యి పూర్తయ్యేసరికి బస్సు బయల్దేరే వేళయింది. ఎడమచేతిది అలాగే ఉండిపోయింది.

"రేపు ఎన్నింటికి?" అని అడిగాడతను చొక్కా తొడుక్కుంటూ.

"పదకొండుకి అక్కడుండాలి."

అతను గుండీలు పెట్టుకున్నాడు. మాట ఇవ్వలేదు, ఆమె అడగనూలేదు.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికే ఆరుగురూ స్టాపులో ఉన్నారు. తొమ్మిదింపావు బస్సు రెండో డ్రైవరుది. వచ్చింది, చూసింది, పోయింది. మళ్ళీ బస్సు పావు తక్కువ పదికి. ఆసుపత్రికి గంట ప్రయాణం. అది కూడా పోతే ఇక కన్నుకి నీళ్ళొదులుకోవడమే. టేపమ్మ కర్రని ఈ చేతిలోంచి ఆ చేతికి, ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుంటూ నిలబడింది.  డ్రిల్లు మాస్టారు ఎప్పటిలాగే పీటని రోడ్డు మీద, బస్సు ఆగే చోటు చూసి పెట్టి, ఫుట్‌పాత్ మీదికి వచ్చి వరసని సరిచేశాడు.

పావు తక్కువ పదికి బస్సు మలుపు తిరిగింది. ఆగే చోటుకి రాకముందే ఎడమకి వంగింది. ఇంకా వంగింది. "అరె, పీట, పీట" అని అందరూ అరుస్తుండగానే ముందు చక్రం పీట మీదుగా వెళ్ళింది. మరిది చేసిన పీట, రెండుసార్లు కోసిన పీట, చెప్పు అతికించిన పీట ఫట్‌మని నాలుగు ముక్కలయ్యింది. చెవులు వినపడనావిడకి కూడా వినపడింది.

 బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. అది తమ కాళ్ళ ముందే తెరుచుకుందని ముందుగా గమనించింది టేపమ్మ. బస్సు ఫుట్‌పాత్‌ని రాసుకుని ఆగి ఉంది, మధ్యలో జానెడు సందు కూడా లేదు. నిలబడ్డ చోటునుంచే చూస్తే మెట్టు ఇంట్లో గడపకన్నా కాస్త ఎత్తు, అంతే. ఆమె కాలెత్తింది. కాలు పడింది. రెండో కాలు దాని వెనకే వచ్చేసింది. లోపల నిలబడి, ఏం జరిగిందో అర్థంకాక ఒకసారి కిందికి చూసుకుంది. తర్వాత డ్రిల్లు మాస్టారు, తర్వాత దంపతులు, తర్వాత అక్కాచెల్లెళ్ళు. ఆరుగురికీ కలిపి ఒక నిమిషం పట్టలేదు. మాస్టారు ఆజ్ఞ ఇవ్వడం కూడా మర్చిపోయాడు.

"పెద్దమ్మా" అని ముందునుంచి మీసాల డ్రైవరు కేకేశాడు. "బస్సుని అంచుదాకా తెచ్చాను, బాగానే ఉంది. మళ్ళీ రోడ్డు మీదికి తియ్యాలంటే ఎడమ చంక కోసుకుపోతోంది. అది రేపు కుట్టాలి మరి." బస్సంతా నవ్వింది, ఎందుకో తెలియనివాళ్ళు కూడా నవ్వారు.

టేపమ్మ కూడా నవ్వింది, కిటికీ పక్కన కూర్చున్నాక ఆగిపోయింది. బస్సు మెట్టు పదహారు అంగుళాలు, నిజమే. కానీ అది రోడ్డు మీదనుంచి. ఫుట్‌పాత్ ఎనిమిది అంగుళాలు ముందునుంచీ అక్కడే ఉంది, తను రోజూ దానిమీదే నిలబడింది, దాన్ని మాత్రం ఎప్పుడూ కొలవలేదు. బస్సు దూరంగా ఆగితే తను కిందికి దిగింది. తన మోకాలిని కొలుచుకుంది, తన కోసం పీట చేయించుకుంది, సందుకి తనే అతుకు వేసుకోబోయింది. కొట్టుకి వచ్చిన ఏ మనిషితోనైనా నీ భుజం వంకర అందా? అనలేదు. తన దగ్గరికొచ్చేసరికి మాత్రం వంకర తనదే అనుకుంది, సిగ్గుపడింది, కన్నకూతురి దగ్గర దాచింది. ఆమెకు తనమీద జాలి వేసింది, వెంటనే చాలా కోపం కూడా వచ్చింది. ఆ కోపం దిగకుండానే ఆసుపత్రి వచ్చింది.

పదకొండుకి పది నిమిషాలుండగా ఆమె నున్నటి వాలు మీదుగా లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర నర్సమ్మ చీటీ తీసి చూసి, "రెండుసార్లు రాలేదేమ్మా. కన్నంటే లెక్కలేదా?" అంది. మంచి పిల్లే, గొంతులో విసుగు కన్నా అలసట ఎక్కువ.

"అందులో ఏం రాసుందో చదివి పెట్టమ్మా. నాకు కనపడదు."

నర్సమ్మ కొంచెం తటపటాయించింది. "రెండుసార్లు రాలేదు. రోగికి శ్రద్ధ లేదు."

టేపమ్మ కర్రని బల్లకి ఆనించి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "శ్రద్ధ లేదన్నది కొట్టెయ్యి తల్లీ. బస్సు మెట్టు పదహారు అంగుళాలు, మోకాలు లేచేది ఎనిమిది. అది రాయి."

"అలాంటివి రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

"గడి లేకపోతే పక్కన రాయి. ఒకసారి మూడు బస్సులు ఎక్కబోయాను, ఇంకోసారి టాక్సీ పిలిచాను, మీ వ్యానుకి గంటసేపు ఫోను చేసి మీ పాట విన్నాను. ఆ పాట నాకిప్పుడు కంఠతా వచ్చు, పాడమంటావా? శ్రద్ధ లేనిదాన్ని అయితే ఇంట్లో హాయిగా పడుకునుందును."

ఆమె గొంతు పెద్దదయ్యింది. వరసలో కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. నర్సమ్మ ముఖం ఎర్రబడింది. కలం తీసి, ఒక మాట కొట్టేసి, చీటీ అంచున చిన్న అక్షరాలతో రాసింది. రాసింది చదివి వినిపించింది. పదహారు, ఎనిమిది, రెండు అంకెలూ సరిగ్గా ఉన్నాయి.

లేజరు పావుగంటలో అయిపోయింది. కుడికన్ను నిలబడుతుందని, మూడోదానికి కూడా ఇలాగే వేళకి రమ్మని డాక్టరు చెప్పాడు.  ఆమె బయట కుర్చీలో కూర్చుని, కంట్లో వేసిన మందు దిగేదాకా కళ్ళు మూసుకుని ఉండిపోయింది. కూతురికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కూతురు ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత పీట చక్రం కింద పడిందని విని పక్కనున్నవాళ్ళకి చెప్పి నవ్వింది.

ఫోను పెట్టేశాక పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించి కళ్ళు తెరిచింది. నర్సమ్మ. ఒళ్ళో చీటీల కట్ట ఉంది.

"వీటి మీద కూడా అదే రాసుందమ్మా, శ్రద్ధ లేదని" అంది మెల్లగా. "పదిహేడున్నాయి. అన్నీ నేను రాసినవే."

 టేపమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, భుజం దాకా నిమిరింది.

నర్సమ్మ మొదటి చీటీ తీసి, మీదున్న నంబరు చూసి ఫోను కలిపింది. చాలాసేపు మోగాక ఎవరో ముసలాయన ఎత్తాడు.

"అయ్యా, కంటి ఆసుపత్రి నుంచి. ఎందుకు రాలేదని అడగడానికి కాదు. ఇక్కడికి మీరు ఎలా వస్తారో చెప్తారా?"

 అవతలి గొంతు మొదలుపెట్టి, ఎన్నాళ్ళుగానో ఎవరైనా అడుగుతారని ఎదురుచూసినట్టు చెబుతూనే ఉంది. నర్సమ్మ రాసుకుంటోంది. చీటీ అంచు నిండితే, తిప్పి వెనకవైపు రాయసాగింది.